తొమ్మిదేళ్ళ నీళ్ళు

ఆరోది కూడా పోయింది.

చిట్టి దాన్ని టీ వడపోసే జల్లెడలో పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. స్కూలు యూనిఫాం వేసుకుంది కానీ జడలు వేసుకోలేదు. జల్లెడ అడుగు నుంచి ఒక్కొక్క చుక్కే దాని బూటు మీద పడుతోంది.

"నిన్న సాయంత్రమేగా అమ్మా వదిలాం," అంది. "పన్నెండు గంటలు కూడా కాలేదు."

బొటనవేలంత గోల్డ్‌ఫిష్. నారింజ రంగు ఇంకా వాడలేదు. నేను స్టవ్ తగ్గించి చిట్టి దగ్గరకు వెళ్ళబోయాను.

"ఆ జల్లెడ టీకి వాడేది," అంది వదిన, బల్ల దగ్గర్నుంచి తలెత్తకుండానే.

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఆ పూట ఎలాగో గడిచిపోయేదేమో.

"మీకు జల్లెడే కనిపించింది కదా?" అంది చిట్టి.

"చేప కూడా కనిపించింది. కళ్ళద్దాలు చేసేదాన్ని, ఆ మాత్రం చూపు లేకపోలేదు."

"మరి ఏమీ అనరేంటి?"

"ఏమనమంటావు? కూర్చుని ఏడవనా?"

వదిన అంటే మా ఆయన అక్క. కళ్ళద్దాల షాపులో అద్దాలు కొలిచి, అరగదీసి, ఫ్రేముల్లో బిగించే పని ఆమెది. యాభై దాటింది. పెళ్ళి చేసుకోలేదు. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోని మనిషి, అద్దంలోనైనా, అన్నం గిన్నె మూతలోనైనా.

మా ఆయన కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. పద్దెనిమిదేళ్ళుగా డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతున్నాడు. నేర్చుకునేవాళ్ళు ఎక్కడ గుద్దేస్తారోనని తన వైపున్న బ్రేకు తొక్కీ తొక్కీ అదే అలవాటైపోయింది. ఇంట్లో మాట పెరిగినా అంతే, బల్ల కింద ఆయన కుడికాలు నేలని గట్టిగా నొక్కేస్తుంది. ఇప్పుడూ నొక్కేశాడు. బండి ఆగలేదు.

"షాపువాడే మోసం చేస్తున్నాడేమో అక్కా," అన్నాడు. "రోగమొచ్చినవి మనకి అంటగడుతున్నాడు."

"మూడు షాపులు మార్చావురా. ముగ్గురూ కూడబలుక్కుని నీ మీద కుట్ర చేస్తున్నారా?"

"కొత్త గాలి మోటారు కూడా పెట్టాను..."

"పెట్టావు. ఆ గుర్రుకి నాకు నిద్ర లేదు. చేపలకి ఏం సుఖమో అవే చెప్పాలి."

చిట్టి జల్లెడను బల్ల మీద పెట్టింది. వదిన ప్లేటు పక్కనే. బ్యాగులోంచి నోటుపుస్తకం తీసి వెనకవైపు నుంచి తెరిచింది. ఎర్ర సిరాతో "అనుమానితులు" అని రాసి, కింద రెండు గీతలు గీసుకుంది. నాలుగు వారాలుగా అదే దాని ఉద్యోగం.

"దొరగారు," అని చదివింది. దొరగారంటే వదిన చేపల్లో అన్నిటికంటే పెద్దది, అరచేయంత ఉంటుంది. "కొట్టేశాను. రెండు గంటలు కూర్చుని చూశాను, కొత్తవాటి జోలికి పోలేదు. అమ్మ చేతి క్రీము. కొట్టేశాను. అమ్మ రెండు వారాలుగా తొట్టి దగ్గరికే పోలేదు. కుళాయి నీళ్ళు. కొట్టేశాను. అమ్మ ల్యాబ్‌లో పరీక్ష చేసింది, బాగున్నాయి. షాపు." పెన్ను తీసి ఒక గీత లాగింది. "ఇప్పుడే కొట్టేశాను."

"ఇంకా?" అంది వదిన.

చిట్టి పుస్తకం మూయబోయింది.

"ఇంకో పేరుందిగా. తొమ్మిదేళ్ళ పిల్లవి, ఇంత ధైర్యంగా రాసుకున్నావు, చదవడానికేం? గట్టిగానే చదువు."

"మీరు ఆదివారం ఆదివారం తొట్టిలో ఏదో వేస్తారు. తెల్లగా ఉంటుంది. చిటికెడు."

"ఉప్పు. చేపలకి మంచిది. నీ వయసంత కాలంగా వేస్తున్నాను. నా నాలుగూ నిక్షేపంలా ఉన్నాయి."

"అదే నేనూ అంటున్నాను!" అంది చిట్టి. "మీవి ఒక్కటీ చావదు. నావి ఒక్కటీ బతకదు. అసలు మేం ఈ ఇంటికి రావడమే మీకు ఇష్టం లేదు."

పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వస్తోంది. తిప్పాలని నాకు తెలుసు. చెయ్యి కదలలేదు.

వదిన లేచింది. ప్లేటు తీసుకెళ్ళి కడిగింది. తుడిచి, స్టాండులో దాని చోట దాన్ని పెట్టింది. తర్వాత జల్లెడ తీసుకుని, అందులోని చేపను ఒక కాగితంలో చుట్టి చిట్టి చేతిలో పెట్టింది.

"ఇక ఈ తొట్టిలో కొత్త చేప దిగదు," అంది. "తెచ్చి చంపడం నా వల్ల కాదు."

ఆమె చెప్పులు మెట్లు దిగుతున్న చప్పుడు వినపడినంతసేపూ చిట్టి కాగితం పొట్లం వైపే చూసింది.

"మనం వెళ్ళిపోదాం అమ్మా," అంది. "మన గదికి. అక్కడ నేను సీసాలో పెంచుకుంటాను."

దాని తండ్రి పోయాక ఆరేళ్ళు మేమిద్దరమే ఉన్న గది అది. ఒక కిటికీ, ఒక మంచం. ఇక్కడికి వచ్చి ఏడు నెలలైంది. ఇక్కడ దానికంటూ వేరే మంచముంది, చదువుకునే బల్ల ఉంది.

"సార్ కూడా రావచ్చు," అంది చిట్టి, మా ఆయన వైపు చూసి, జాలి పడినట్టు. ఆయన్ని నాన్న అనడం దానికింకా అలవాటు కాలేదు. నేను డ్రైవింగ్ నేర్చుకున్న రోజుల్లో పిలిచిన పిలుపే ఉండిపోయింది.

"థాంక్స్ అమ్మా," అన్నాడు ఆయన.

*

ముగ్గురూ వెళ్ళాక నేను హాల్లో ఆ తొట్టి ముందు కూర్చున్నాను. సోమవారాలు నాకు డ్యూటీ పదింటికి మొదలవుతుంది.

నీళ్ళు అద్దంలా ఉన్నాయి. నాలుగు చేపలూ నింపాదిగా తిరుగుతున్నాయి. గాజు మీద, పైనుంచి రెండు వేళ్ళ కిందుగా నల్లటి సన్న గీత. నీళ్ళు ఆ గీత దగ్గర ఉండాలి. ఆదివారం వచ్చేసరికి కాస్త ఆవిరై కిందికి దిగుతాయి, వదిన బకెట్‌లో నిలవ ఉంచిన నీళ్ళు పోసి మళ్ళీ గీత దాకా తెస్తుంది. తొట్టి అమ్మినవాడు ఆమెకు చెప్పాడట, నీళ్ళు పాతబడేకొద్దీ చేపలకు మంచిదని. ఆ మాట ఆమె కొలబద్దలా పట్టుకుంది. తొమ్మిదేళ్ళలో పోయడమే తప్ప ఒక్క మగ్గు తీసింది లేదు.

ఊరికి పంపే నీళ్ళను పరీక్షించే ల్యాబ్‌లో నా ఉద్యోగం. రోజుకు నలభై సీసాలు నా చేతుల మీదుగా వెళ్తాయి. కుళాయి నీళ్ళు పట్టుకెళ్ళాను. షాపులో చేపతో పాటు ఇచ్చిన కవర్లో నీళ్ళు కూడా పట్టుకెళ్ళాను. ఈ తొట్టి నీళ్ళు మాత్రం ఒక్కసారీ పట్టుకెళ్ళలేదు. పాతవి హాయిగా బతుకుతున్న నీళ్ళలో దోషం ఉంటుందని ఎవరనుకుంటారు?

ఇంకో కారణం కూడా ఉంది. ఈ ఇంటికి వచ్చిన మొదటి వారమే వదిన చెప్పింది. "ఇంట్లో ఏదైనా వాడుకో. నా బీరువా తాళం కూడా ఆ మేకుకే ఉంటుంది. నన్ను అడక్కుండా తొట్టిలో మాత్రం చెయ్యి పెట్టకు. ఇంకేం అడగను."

నిజంగానే ఇంకేం అడగలేదు, ఈ ఏడు నెలల్లో.

బ్యాగులోంచి ఖాళీ సీసా తీశాను. మూత తీసి నీళ్ళలో ముంచాను. దొరగారు దగ్గరకు వచ్చి నా వేళ్ళను చూసి వెళ్ళాడు. గీత దిగిందేమోనని భయమేసి, వంటింట్లోంచి గ్లాసుడు నీళ్ళు తెచ్చి పోశాను. దొంగతనం చేసినవాళ్ళు ఇలాగే చేస్తారు కాబోలు.

*

మంగళవారం మధ్యాహ్నం మా సీనియర్ మేడమ్ రిపోర్టు పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చారు. రిటైరవడానికి ఏడాది ఉంది, నవ్వు మాత్రం కాలేజీ పిల్లల నవ్వు. ఆ రోజు నవ్వలేదు.

"ఇవి ఎక్కడి నీళ్ళు? ఏదైనా ఫ్యాక్టరీ కాలువా?"

"మా ఇంటి చేపల తొట్టి మేడమ్."

"చేపలున్నాయా ఇందులో? ప్రాణాలతో?"

"నాలుగు."

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చున్నారు. "నీళ్ళు ఆమ్లం పెరిగి పులిసిపోయాయి. మన కుళాయి నీళ్ళకీ వీటికీ పోలికే లేదు. మలినం కొలిచే పరికరం పైగీత దాటేసింది. ఎన్నాళ్ళయింది నీళ్ళు తీసి?"

"ఆదివారం ఆదివారం పోస్తారు."

"పోయడం కాదమ్మా. తీయడం."

నేను రిపోర్టు నా వైపు తిప్పుకున్నాను.

"చూడు, ఆవిరయ్యేది నీళ్ళే. చేప వదిలే మలినం ఆవిరవుతుందా? మిగిలిపోయిన మేత ఆవిరవుతుందా? వేసిన ఉప్పు ఎక్కడికి పోతుంది? అంతా అందులోనే. ఏళ్ళ తరబడి చిక్కబడుతూ వచ్చింది."

"మరి పాతవి ఎలా బతుకుతున్నాయి?"

"ఈ గదిలో మందుల వాసన నీకు తెలుస్తోందా?"

"లేదు."

"కొత్తగా చేరిన అమ్మాయి పొద్దున ముక్కు మూసుకుని బయటికి పరిగెత్తింది. నీకూ నాకూ రోజుకింత చొప్పున అలవాటైంది. ఆ నాలుగు చేపలకీ అంతే. కొత్తవాటిని ఒక్కసారిగా దాంట్లో దింపితే పాపం అవేం చేస్తాయి?"

ఆరు చేపలు, ఆరు కాగితం పొట్లాలు. ఎవరి చెయ్యీ లేదు. నా గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఇంటికి పరిగెత్తి చిట్టికి చెప్పాలనిపించింది, అత్త తప్పేం లేదు, అని. మరుక్షణమే తట్టింది, ఆ మాట అలా చెప్పలేనని.

మేడమ్ పెన్ను తీసి రిపోర్టు అడుగున ఏదో రాసి, దాని కింద రెండు గీతలు గీశారు.

"అసలు సంగతి ఇది, మర్చిపోకు. కంగారుపడి నీళ్ళన్నీ ఒక్కసారే మార్చేరు. ఇన్నేళ్ళూ ఈ పులుపులో బతికిన ఒళ్ళు మంచి నీళ్ళకి తట్టుకోలేదు. రోజుకు రెండు మగ్గులు తీయండి, రెండు మగ్గులు పోయండి. నెల పడితే పట్టనీ."

*

సాయంత్రం ఇంటికి పోకుండా తిన్నగా డ్రైవింగ్ స్కూలు మైదానానికి వెళ్ళాను. మా ఆయన కారు బానెట్ మీద కూర్చుని టీ తాగుతున్నాడు. చివరి విద్యార్థి ఎవరో నాలుగు ప్లాస్టిక్ కోన్లు తొక్కేసి వెళ్ళినట్టున్నాడు, అవి అణిగిపోయి పడి ఉన్నాయి.

రిపోర్టు చదివి ఆయన చాలాసేపు మడతలు పెట్టాడు, విప్పాడు.

"అక్కకి చెప్పకు," అన్నాడు.

"చెప్పకపోతే ఎలా? చిట్టి ఆమెని హంతకురాలిలా చూస్తోంది. పొద్దున కూడా ఆమె చేత్తో ఇచ్చిన గుడ్డు తినలేదు."

"నీకు తెలీదు. అమ్మ మంచాన పడ్డ నాలుగేళ్ళూ చేసిందంతా అక్కే. నేను సంపాదన పేరు చెప్పి బయట తిరిగాను. అమ్మ పోయిన నెలకే ఆ తొట్టి తెచ్చుకుంది. 'ఇవైనా నా చేతిలో బతుకుతాయేమో చూద్దాంరా' అంది." ఆయన టీ గ్లాసులోకి చూస్తున్నాడు. "బతికాయి. ఇప్పుడు పోయి, అక్కా, నువ్వు తొమ్మిదేళ్ళుగా తప్పు చేస్తున్నావు, ఇదిగో కాగితం అని ఎలా చెప్పమంటావు?"

"మరేం చేద్దామంటారు?"

"నేనే పొద్దున్నే లేచి, ఎవరూ చూడకుండా రోజూ రెండు మగ్గులు..."

"ఆమె మీకంటే గంట ముందు లేస్తుంది."

"సరే, సాయంత్రం."

"గీత వెంట్రుకంత దిగినా కనిపెడుతుంది."

"అవును కదా," అన్నాడు. కుడికాలు బంపరు మీద ఆనించి నొక్కాడు. నాకు నవ్వొచ్చింది, ఆయనకీ వచ్చింది. ఆ నవ్వుల్లోనే ఇద్దరం ఒప్పందానికి వచ్చేశాం. ఆదివారం అందరికీ సెలవు. అప్పుడు తీరిగ్గా, మెల్లగా, కాగితం చూపించకుండా చెబుదాం. ఇంకో నాలుగు రోజులకు కొంప మునిగిపోదు.

ఆ మాట ఆయన అనలేదు. నేనే అన్నాను.

*

ఆ రాత్రి భోజనాలు అందరం తలలు దించుకునే తిన్నాం. బుధవారం సాయంత్రం వదిన తొట్టి గాజును మెత్తటి గుడ్డతో తుడుస్తోంది, షాపులో అద్దాలు తుడిచే గుడ్డ అది. నేను కూరగాయలు తరుగుతూ ఆమె వీపునే చూస్తున్నాను. ఇప్పుడు చెబితే? కత్తి ఆగింది.

"ఏమిటి?" అంది ఆమె, వెనక్కి తిరక్కుండానే.

"ఏం లేదు వదినా."

"రెండు రోజులుగా ఏం లేదు ఏం లేదు అంటూ నా చుట్టూ తిరుగుతున్నావు. పిల్ల మాటలకి నేనేమీ అనుకోలేదులే. చిన్నప్పుడు మా తమ్ముడు నన్ను ఇంతకంటే ఎక్కువే అన్నాడు."

"అది కాదు..."

అప్పుడే చిట్టి గదిలోంచి వచ్చింది. వదినని చూడనట్టే నా దగ్గరకు వచ్చి అడిగింది. "అమ్మా, మన పాత గదిలోకి ఎవరైనా వచ్చారా? ఖాళీగానే ఉందా?"

గాజు మీద గుడ్డ ఆగిపోయింది. ఒక్క క్షణమే. మళ్ళీ కదిలింది.

"హోంవర్కు చేసుకో పో," అన్నాను.

"చేసేశాను. ఉందో లేదో చెప్పు."

నేను మళ్ళీ తరగడం మొదలుపెట్టాను. వదిన గుడ్డ మడిచి లోపలికి వెళ్ళింది. రాత్రి పొద్దుపోయాక బాత్రూంలో కుళాయి చప్పుడు. తర్వాత నేను వెళ్ళి చూస్తే గోడ వారగా బకెట్లన్నీ నిండుగా వరసగా ఉన్నాయి. రేపు బట్టలు నానబెడుతుంది కాబోలు అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు. నీళ్ళతోనే బతికే నాకు ఆ బకెట్లను చూసి అనుమానం రాలేదు.

*

గురువారం నేను బస్సు దిగేసరికి ఐదున్నర. మెట్లెక్కుతుండగానే నవ్వు వినిపించింది. చిట్టి నవ్వు నాకు తెలుసు. దానితో కలిసి ఇంకొకటి, బొంగురుగా, మధ్యమధ్య దగ్గుతో. అది ఎవరిదో పోల్చుకోవడానికి రెండు మెట్లు పట్టింది.

తలుపు తీసే ఉంది. హాలంతా తడి. నేల మీద పాత తువ్వాళ్ళు, మగ్గులు, బోర్లించిన బకెట్లు. వదిన పైజామా మోకాళ్ళ దాకా మడిచి, కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకుని కుర్చీలో కూలబడి ఉంది. చిట్టి స్టూలు మీద నిలబడి భుజం దాకా చెయ్యి నీళ్ళలో పెట్టి గులకరాళ్ళు సర్దుతోంది.

"అమ్మా! చూశావా? మొత్తం మార్చేశాం! నేనూ అత్తా!"

తొట్టి మెరుస్తోంది. ఎన్నడూ లేనంత తెల్లగా ఉంది.

"దీని గోల పడలేక సగం రోజు సెలవు పెట్టాను," అంది వదిన. ముఖం ఎర్రబడి, పదేళ్ళు చిన్నదైనట్టుంది. "నిన్న పడుకోబోయే ముందు నేనే అడిగాను, పోలీసమ్మా, నీ లెక్కలో ఇంకేం మిగిలాయని. తొట్టి నీళ్ళొక్కటే పరీక్ష చేయలేదు అత్తా అంది. నాకు ఒళ్ళు మండింది. తర్వాత ఆలోచిస్తే నిజమే కదా. నా పంతానికి ఆరు ప్రాణాలు పోయాయి. చాలదూ?"

"కుళాయి కింద పట్టి పోయలేదమ్మా," అంది చిట్టి. "నిన్నటి నుంచి నిలవ ఉంచిన నీళ్ళే. అత్తకి అన్నీ తెలుసు. ఇంకా చెప్పు అత్తా, నువ్వు ఏమన్నావో చెప్పు."

మీరు పోయి నువ్వు ఎప్పుడొచ్చిందో.

"ఏమన్నాను? ఇద్దరం పోయి రెండు కొత్త చేపలు తెచ్చుకుందాం అన్నాను. అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, సరేనా?"

"ఒకదానికి నేను పేరు కూడా పెట్టేశాను. దొరగారికి భలే సరదాగా ఉంది చూడమ్మా, పైకొచ్చి ముద్దులు పెడుతున్నాడు."

దొరగారు నీళ్ళ పైఅంచున ఉన్నాడు. నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. మిగతా మూడూ ఒక మూలన గుంపుగా, రెక్కలు ఒంటికి అంటించుకుని కదలకుండా ఉన్నాయి.

"వదినా," అన్నాను. "పాత నీళ్ళు?"

"పారబోశాం. తొట్టిలో ఉన్నప్పుడు తెలియలేదు కానీ, తెల్ల బకెట్‌లోకి తీస్తే టీ రంగులో ఉన్నాయి. సిగ్గేసింది."

"అన్నీనా?"

"చుక్క మిగల్చలేదు." ఆమె నవ్వు సగంలో ఆగింది. "ఎందుకు?"

చెప్పకుండా ఉండొచ్చు. ఆ నవ్వు రేపటి దాకా ఉంటుంది. చెబితే ఇప్పుడే పోతుంది, కానీ ఏమో, ఇప్పటికిప్పుడు ఏదైనా చేస్తే ఒకటో రెండో బతకవచ్చు. నా చెయ్యి బ్యాగులోకి వెళ్ళింది. రెండు రోజులుగా అక్కడే ఉన్న కాగితం తీసి ఆమెకిచ్చాను.

వదిన నెత్తి మీది కళ్ళద్దాలు కిందికి దించుకుంది. పైనుంచి చదవడం మొదలుపెట్టింది, కొలతలు చదివే అలవాటున్న మనిషి, ఒక్క అంకె కూడా వదలకుండా. ఆమె వేలు తేదీ దగ్గర ఆగింది.

"మంగళవారం," అంది.

"అవును."

"నీళ్ళు ఎప్పుడు తీశావు?"

"సోమవారం. మీరు వెళ్ళాక."

తల ఊపింది. వేలు కిందికి దిగి, మేడమ్ పెన్నుతో రాసిన వాక్యం మీద, దాని కింద రెండు గీతల మీద ఆగింది. నీళ్ళన్నీ ఒక్కసారే మార్చకూడదు. ఆమె దాన్ని పెదవులు కదపకుండా చదివింది. కాగితం మడిచింది. తడి చేతుల్లో దాని అంచు నానింది.

"ఎంతసేపట్లో తెలుస్తుంది?"

"చెప్పలేం వదినా. తట్టుకోవచ్చు కూడా. లైటు తీసేద్దాం. మేత వేయొద్దు. గాలి ఎక్కువ పెడదాం."

ఆమె లేచి లైటు తీసేసింది.

చిట్టి స్టూలు దిగింది. మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "ఏమైంది? చచ్చిపోతాయా? నేను చెప్పబట్టే కదా మార్చాం? నేనా అత్తా?"

"నువ్వేం చేశావు?" వదిన గొంతు ఠక్కున లేచింది. "మగ్గు అందించావు, అంతే. తొట్టి ఎవరిది? నాది. పోసిన చెయ్యి ఎవరిది? నాది. ఇంత పోలీసువి, ఆ మాత్రం తెలియదా?"

"కానీ నేనే కదా..."

"కానీ లేదు, గీనీ లేదు. రా, ఆ మోటారు గాలి గొట్టం పట్టుకో. గట్టిగా. నేను ప్లగ్గు పెడతాను."

మోటారు గుర్రుమంది. చిట్టి రెండు చేతులతో గొట్టం పట్టుకుని నిలబడింది, కళ్ళనిండా నీళ్ళతో. వదిన దాని వెనక మోకాళ్ళ మీద కూర్చుని, దాని చేతుల మీద తన చేతులు వేసి పట్టింది.

"మీ ఇద్దరిదీ కాదు," అన్నాను. "నాకు మంగళవారమే తెలుసు. ఇలా ఒక్కసారే మార్చకూడదని కూడా తెలుసు. ఆదివారం చెబుదామనుకున్నాను."

వదిన తల తిప్పలేదు.

చిట్టి తిప్పింది. గొట్టం వదల్లేదు, అత్త చేతుల్లోంచి చేతులు తీయలేదు. నన్ను చూసిన ఆ చూపు సోమవారం పొద్దున వదిన మీద చూశాను.

"తెలుసా?" అంది. "తెలిస్తే మా అత్తకి ఎందుకు చెప్పలేదు?"

నేను నోరు తెరిచేలోగా, చీకటి పడిన తొట్టిలో దొరగారు మెల్లగా ఒక పక్కకి ఒరిగాడు.